ఇంటి చప్పుడు

రెడ్డెమ్మ ఉంటున్న ఫ్లాటు ఇల్లని ఆమె తయారుచేసిన యంత్రమే ఒప్పుకోలేదు.

ఆ రోజు ప్రయోగశాలలో అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. యంత్రం పనితనం చూడడానికి ఉద్యోగులందరి ఇళ్ళలోనూ రవ్వలు చల్లారు. రవ్వలంటే బొంబాయిరవ్వ పలుకంత ఉండే గింజలే. గోడవార, మేడమీద, మెట్లకింద, ఎక్కడ పడితే అక్కడ అతుక్కుని నేల అదురును పట్టుకుంటాయి. మాటలు వినవు, మొహాలు చూడవు. ఎవరో నడిచారు, ఆగారు, ఏదో దంచారు, బిందె దించారు, అంతవరకే వాటి చదువు. మనిషి బరువెంతో కూడా వాటికి పట్టదు, నడక లయ మాత్రమే కావాలి. ఆ అదురులన్నీ పోగేసి యంత్రం ఒక్క ముక్క చెబుతుంది: ఇది ఇల్లు, ఇది దుకాణం, ఇది మిల్లు. ఇల్లయితే తెరమీది పటంలో పసుపురంగు. తేల్చుకోలేకపోతే బూడిదరంగు. ఆ బూడిదరంగుకి ప్రయోగశాలలో అందరూ వాడే పేరు ‘తెలియదు’.

డైరెక్టర్ కృపాకర్ గారి ఇల్లు మనవళ్ళ గోలతో పసుపుపచ్చగా వెలిగిపోయింది. రెడ్డెమ్మ ఫ్లాటు దగ్గరికొచ్చేసరికి తెలియదు.

“ఏమండీ రెడ్డెమ్మగారూ, ఎప్పుడన్నా పోపు వేసుకుంటారా లేదా?” అన్నాడాయన. “మనిషి తిరుగుతున్నట్టుంది గానీ కాపురం ఉన్నట్టు లేదంటోంది మీ యంత్రం.”

ఆమె కూడా నవ్వేసింది. నలభైకి దగ్గరపడుతున్న ఒంటరి మనిషి. తిండి క్యాంటీన్‌లో, పడక మాత్రం ఫ్లాట్లో. యంత్రం అబద్ధమేమీ చెప్పలేదు. అయినా ఆ మాట ఎందుకో మనసులో ఉండిపోయింది.

నిజానికి ఆ యంత్రం పుట్టింది తుఫానుల కోసం. మిద్దెలు కూలినప్పుడు, కొండచరియలు విరిగిపడినప్పుడు ఏ మట్టిదిబ్బ కింద కాపురం ఉందో, ముందు ఎక్కడ తవ్వాలో చెప్పడానికి. రెండు తుఫానుల్లో అది చెప్పినచోట తవ్వితే మనుషులు ప్రాణాలతో బయటికొచ్చారు. యంత్రానికి పేరొచ్చింది. పేరు వెనకే విదేశీయులు వచ్చారు.

సముద్రం అవతల ఒక అరబ్బు దేశంలో అంతర్యుద్ధం నడుస్తోంది. ఎవరికీ ఎవరికీ మధ్య యుద్ధమంటే చెప్పడం కష్టం. రాజధానిలో ఒక ప్రభుత్వం, తీరంలో ఇంకో ప్రభుత్వం, రెండింటికీ ఒకటే జెండా. నిన్నటిదాకా ఒకరినొకరు కాల్చుకున్నవాళ్ళు ఇవాళ ఒకే బండి ఎక్కి తిరుగుతారు. పొరుగు రాజ్యాలూ, వాటి వెనకున్న పెద్ద దేశాలూ కలిసి ‘రక్షణ కూటమి’ అని పేరు పెట్టుకుని పైనుంచి విమానాలు పంపుతున్నాయి. ఎవరిని ఎవరి నుంచి రక్షిస్తున్నారో టీవీలో రోజుకో రకంగా చెప్పేవారు. రెడ్డెమ్మ మొదట్లో శ్రద్ధగా వినేది. తర్వాత తలనొప్పి వచ్చి మానేసింది.

కూటమి తరఫున వచ్చిన మేజర్ ఎల్డన్ అనే ఆయన మెత్తగా మాట్లాడాడు. “మాకు కావలసింది ఆయుధాలు పట్టినవాళ్ళ శిబిరాలు. ఇళ్ళ మీద బాంబు పడితే మాకూ నిద్రపట్టదు. ఇళ్ళెక్కడున్నాయో మీరు చెప్పండి, మేం వాటిని ముట్టుకోం,” అన్నాడు. కృపాకర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతకన్నా పుణ్యకార్యం ఏముంటుందని ఆ ఆదివారం చర్చిలో ప్రత్యేకంగా ప్రార్థన చేయించాడు. యంత్రానికి కొత్తగా ఎర్రరంగు నేర్పారు. ఎరుపంటే శిబిరం. పసుపు మీద బాంబు వెయ్యరు. ఎరుపు మీద వేస్తారు. బూడిదరంగు సంగతి అవసరాన్ని బట్టి.

అందరికన్నా ఎక్కువ సంతోషించింది రెడ్డెమ్మే. ఆమె తమ్ముడు ఓబులేసు ఆ దేశంలోనే, సమ్రా అనే రేవుపట్నంలో రొట్టెల బట్టీలో పనిచేస్తున్నాడు. అమ్మ పోయేనాటికి వాడికి ఇంకా పాలపళ్ళు కూడా ఊడలేదు, నాన్న కువైట్‌లో. వాడికి అన్నం కలిపి పెట్టిందీ, తల దువ్విందీ, ఏడిస్తే రాయచోటి వీధుల్లో చంకనేసుకుని తిప్పిందీ అక్కే. నాన్న కూడా పోయాక ఆమెకు ఈ లోకంలో మిగిలింది వాడొక్కడు. యుద్ధం ముదిరేసరికి వాళ్ళను తీసుకెళ్ళిన కఫీల్, అంటే పూచీ పడ్డ యజమాని, అందరి పాస్‌పోర్టులూ బీరువాలో పెట్టి తాళం వేసుకుని తను మాత్రం దేశం దాటేశాడు. వీడు చిక్కుకుపోయాడు. పోనీలే, పైనుంచి నా యంత్రమే కాపలా కాస్తుందిగదా అనుకుంది.

సమ్రా మీద రవ్వలు చల్లిన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం తీరిక చేసుకుని పటంలో తమ్ముడి ఇల్లు వెతికింది. వాడు చెప్పిన గుర్తులున్నాయి. సగం కూలిన మసీదు మినారు, నీలం నీళ్ళట్యాంకు, దాని వెనక సందు. సందంతా పసుపే. ఒక్క మేడ మాత్రం ఎర్రగా ఉంది.

గుర్తులు మళ్ళీ సరిచూసుకుంది. సందేహం లేదు. ఆ ఎర్రమేడే తమ్ముడిది.

ఎందుకలా అన్న ప్రశ్నకు జవాబు కోసం ఆమె ఎంతోసేపు వెతుక్కోనక్కర్లేకపోయింది. అది ఇల్లు కాదు, ‘రూము’. గల్ఫ్ వెళ్ళినవాళ్ళ భాషలో రూమంటే పదిమంది మగవాళ్ళు పడుకునేచోటు. సగంమంది రాత్రి డ్యూటీకి పోతారు, సగంమంది పగలు. ఒకడు లేచిన పరుపు మీద ఒంటివేడి ఆరకముందే ఇంకొకడు పడుకుంటాడు. రోజుకొక్కసారి పెద్ద గిన్నెలో వంట. డ్యూటీ మారేటప్పుడు మెట్లమీద బూట్ల చప్పుడు. పిల్లలు లేరు, ఆడవాళ్ళు లేరు, ముసలివాళ్ళు లేరు. యంత్రం చూపులో అచ్చంగా సైనిక శిబిరం.

తల పట్టుకుని కూర్చుండిపోయింది రెడ్డెమ్మ. వేరేవాళ్ళు మరిచిపోయారంటే అర్థముంది. ఆమె నాన్న బతుకంతా అలాంటి రూముల్లోనే గడిచింది. సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు ఆయనకు మంచంమీద నిద్రపట్టేది కాదు. ఎవరో వచ్చి ‘లెయ్, నా వంతు’ అంటారేమోనని ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. అది చూస్తూ పెరిగిన పిల్ల, ఇల్లంటే ఏమిటో యంత్రానికి నేర్పేటప్పుడు హైదరాబాదు కాలనీలనూ అరబ్బు సంసారాలనూ నేర్పింది గానీ నాన్న ఉన్న రూము ఆమె తలపుకే రాలేదు. అది ఇల్లని నాన్న కూడా ఎన్నడూ అనలేదు మరి.

కృపాకర్ దగ్గరికి పరిగెత్తింది. ఆయన మంచిమనిషి, వెంటనే మేజర్‌ని తెరమీదికి పిలిచాడు. మేజర్ ఓపికగా విన్నాడు.

“వంతులవారీగా పడుకునే మగవాళ్ళను ఇల్లని నేర్పితే, సమ్రాలో ఉన్న ప్రతి శిబిరమూ పసుపైపోతుంది కదా డాక్టర్,” అన్నాడు.

“ఆ ఒక్క మేడనైనా వదిలెయ్యండి. అక్కడున్నది కూలివాళ్ళు.”

“ఉండొచ్చు. కానీ ఆయుధాలవాళ్ళు కూలివాళ్ళ క్యాంపుల్లోనే దాక్కుంటున్నారు. నేలమీద మా మనిషి ఎవరూ లేరు, వెళ్ళి చూసి చెప్పడానికి. మీ విన్నపం పైకి పంపిస్తాను. పరిశీలిస్తారు.”

పరిశీలన ఎప్పటికి తేలుతుందని అడిగితే ఆయనకూ తెలియదు. తెర ఆరిపోయాక కృపాకర్ ఆమె భుజం తట్టి, “దేవుడున్నాడమ్మా,” అన్నాడు. దేవుడు ఏ రంగు చూసుకుని కాపాడతాడో ఆమెకు అర్థం కాలేదు. కోపం వచ్చింది, ఎవరి మీదో తేలలేదు.

యంత్రం రంగు ఎలా తేలుస్తుందో బయటివాళ్ళకు చెప్పకూడదు. చెబితే ఉద్యోగం పోవడమే కాదు, జైలు కూడా. ఆ సంగతి తెలిసే ఆమె మర్నాడు పొద్దున ఆఫీసు వెనక చెట్లకిందికి పోయి తమ్ముడికి ఫోను చేసింది.

“ఒరే ఓబులేసూ, నేను చెప్పేది గమ్మున విను. ఎందుకు ఏమిటి అనొద్దు. ఈ పొద్దు నుంచి మీరంతా సంసారం చెయ్యాల.”

“ఏందక్కా, ఎండ తగిలిందా నీకి?” అన్నాడు వాడు.

చెప్పింది. పైనుంచి నేల చప్పుడు వింటున్నారనీ, మీ మేడ చప్పుడు ఇంటి చప్పుడులా లేదనీ చెప్పింది. వాడు ఫోను స్పీకర్లో పెట్టాడు. రూములో అందరూ చుట్టూ చేరారు. వంటచేసే మాబాషా రాయచోటివాడే, మేస్త్రీ. అందరిలోకీ పెద్దవాడు కొమరయ్యది జగిత్యాల దగ్గర పల్లె, ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంటులో కాపలా. మిగతావాళ్ళు రకరకాల ఊళ్ళవాళ్ళు.

“డ్యూటీలకు పోకుంటే ఎట్లమ్మా?” అన్నాడు మాబాషా.

“పోండన్నా. కానీ బూట్లు చేతబట్టుకొని ఒకరొకరే దిగండి. తెల్లారకముందే ఒక మనిషి అందరికన్నా ముందర లేచి మెల్లగా తిరగాల. పొయ్యి దగ్గరికి పోవాల, నీళ్ళు పట్టాల, మళ్ళా పొయ్యి కాడికి రావాల. మూడు పూటలా వండాల. ఏదో ఒకటి దంచాల.”

“అంటే అమ్మ మాదిరా?”

“అమ్మ మాదిరే.”

“నేను వంట జేస్తా గానీ అమ్మను మాత్రం కాను తల్లీ,” అన్నాడు మాబాషా. అందరూ గొల్లుమన్నారు. చావు నెత్తిమీద ఉంటే నవ్వులేమిటని రెడ్డెమ్మకు ఏడుపొచ్చింది.

“నేను జేస్త బిడ్డా,” అంది ఇంకో గొంతు. కొమరయ్య. “మా ఇంటామె ఎట్ల లేస్తదో నాకు ఎరుకే. కండ్లు మూస్కొని పండుకుంటే గూడ ఆమె నడక ఇనవడేది.”

చంటిపిల్లలో చిన్నపిల్లలో ఉంటే యంత్రం త్వరగా నమ్ముతుంది. అందరిలో చిన్నవాడు ఓబులేసే గనక పిల్ల వేషం వాడికి పడింది. కానీ పాతికేళ్ళు దాటిన మగవాడు పిల్లలా పరిగెత్తడం అంత సులువేమీ కాదు. తెరమీద చూస్తే వాడి పరుగు బస్సు అందుకునే మనిషి పరుగులా ఉంది. ఎరుపు చెక్కు చెదరలేదు.

ప్రయోగశాలలో అదురుపలక అని ఒకటుంది. ఏ ఇంటి నేల అదిరినా ఆ అదురును అరచేతి కింద పలికించే చెక్కపలక. రెడ్డెమ్మ దానిమీద చెయ్యి పెట్టి అదే సందులో పసుపు ఇళ్ళన్నీ ఒక్కొక్కటే విన్నది. కొంచెం అవతలి ఇంట్లో ఒక పాప ఉంది. పాపో బాబో రవ్వలకు తెలియదు, ఆమె పాప అనుకుంది. వాకిలి నుంచి గబగబా పరుగు, నడిమింట్లో హఠాత్తుగా ఆగడం, మళ్ళీ పరుగు, చివర రెండు కాళ్ళూ కలిపి ఒక గెంతు. రోజంతా అదే ఆట. ఎందుకాగుతుందో తెలియదు. అక్కడ ముసలామె ఎవరైనా కూర్చుంటుందేమో, పులో దయ్యమో ఉందనుకుంటుందేమో. అరచెయ్యి తీయబుద్ధి కాక రెడ్డెమ్మ మధ్యాహ్నం భోజనం సంగతే మరిచిపోయింది.

ఆ పరుగునే తమ్ముడికి నేర్పింది. పరుగు, ఆగు, పరుగు, గెంతు. టేబులు మీద వేళ్ళతో దరువేసి ఫోన్లో వినిపించింది. ఎవరి పరుగని వాడు అడగలేదు, ఆమె చెప్పలేదు.

కొద్దిరోజులకు ఎరుపు మీద బూడిద కమ్మింది. ఆపైన ఒక పొద్దున తెర తెరిచేసరికి తమ్ముడి మేడ పసుపుపచ్చగా వెలుగుతోంది. రెడ్డెమ్మ బాత్రూంలోకి పోయి తలుపు వేసుకుని ఏడ్చింది.

ఆ తర్వాత వచ్చిన ఫోన్లు ఆమెకు వింతగా ఉండేవి. అక్కడ యుద్ధం, ఇక్కడికి నవ్వులు. “ఏం జెప్పమంటావక్కా, కొమరయ్య తాత నిజంగానే అమ్మయిపోయినాడు. నేను డ్యూటీ నుంచి వస్తే బువ్వ తినేదాంక వదలడు. ‘తినుర, ఎండిపోయినవ్’ అని మీద పడతాడు. ఇన్నేండ్లలో రూములో అందరం కలిసి కూసోని తినింది ఇప్పుడే. మాబాషన్న నిన్న సద్దరొట్టె కావాలని అలిగినాడు, సూడు.” ఆమె నవ్వేది. నవ్వుతూనే, నాన్నకు ఇలాంటి రూము ఎందుకు దొరకలేదా అని బెంగపడేది.

“ఇంకోటి జెప్పాల. సందులో హనీన్ అని ఒక పాప ఉండాది. ఆకుపచ్చ తలుపిల్లు. బట్టీలో తొలి కుబూస్ రొట్టె దానికే ఇస్తా. నేను పరిగెత్తేది విని అది గూడా వాళ్ళింట్లో అట్లనే పరిగెత్తి దూకుతాది. నేను దూకితే అది దూకుతాది. నన్ను ఎక్కిరిస్తాందక్కా, గడుసుది.”

రెడ్డెమ్మ ఫోనును చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది. అది నిన్ను వెక్కిరించడం లేదురా, తన పరుగు తనకు వినబడితే జవాబిస్తోంది అని చెప్పాలనుకుంది. చెప్పలేదు. చెప్పకపోవడానికి పెద్ద కారణమంటూ లేదు. లైను తెగిపోతుందేమోనని, వేరే సంగతులున్నాయని, తర్వాత చెప్పొచ్చని.

అయితే రూములో సంగతి రూములో ఆగలేదు. బట్టీవాళ్ళు పక్క రూముకు చెప్పారు, వాళ్ళు ఇంకొకరికి. నోళ్ళు దాటుకుంటూ ఆ మాట తుపాకులు పట్టినవాళ్ళ దాకా కూడా పోయినట్టుంది. సమ్రాలో ఒక్కో ఎరుపూ పసుపుగా మారడం మొదలైంది.

మేజర్ ఎల్డన్ మళ్ళీ తెరమీదికొచ్చాడు. ఈసారి మాటలో మెత్తదనం అలాగే ఉంది గానీ మొహంలో లేదు.

“డాక్టర్, జనం మూటాముల్లె సర్దుకుని పారిపోతున్న ఊళ్ళో ఇళ్ళు పెరుగుతున్నాయి. ఎవరో నేర్పుతున్నారు,” అన్నాడు. కృపాకర్ బిత్తరపోయి రెడ్డెమ్మ వైపు చూశాడు. ఆమె తెరనే చూస్తూ కూర్చుంది.

“ఇది చూడండి. ఒకే సందులో రెండు ఇళ్ళు. రెండింట్లోనూ ఒకే పిల్ల. అదే పరుగు, అదే ఆగడం, అదే గెంతు. ఒకటి అసలు, ఒకటి నకలు.”

తమ్ముడి మేడ, ఆకుపచ్చ తలుపు ఇల్లు. దగ్గరదగ్గరగా రెండు పసుపు చుక్కలు.

“పిల్లలు రెండిళ్ళలోనూ ఆడుకుంటారు కదా,” అంది రెడ్డెమ్మ.

“ఒకే క్షణంలో రెండిళ్ళలోనా?”

ఆమె చూపు తెరమీది రెండు చుక్కల మధ్యా తిరిగింది.

“యంత్రం మీది. మీ మాటే ఆఖరు. మొదటిది ఇల్లేనా?” మేజర్ తమ్ముడి మేడ చూపించాడు.

“ఇల్లే. నాకు బాగా తెలుసు.”

“రెండోది?”

అక్కడ ఏం జరిగిందో రెడ్డెమ్మ తర్వాత ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నా స్పష్టంగా తేలలేదు. రెండూ ఇళ్ళేనని గట్టిగా అంటే రెండింటినీ అనుమానిస్తారనుకుంది. రెండోది అసలంటే మొదటిది నకలని ఒప్పుకున్నట్టే. నకలని మాత్రం చచ్చినా అనదు. అబద్ధం చెప్పకూడదనుకుంది, నిజం చెప్పకూడదనుకుంది, ఈ రెంటి మధ్యా నోటికొచ్చిన మాట ఒక్కటే.

“తెలియదు.”

“కృతజ్ఞతలు,” అన్నాడు మేజర్. ఆమె కళ్ళముందే ఆకుపచ్చ తలుపు ఇల్లు బూడిదరంగుకి మారింది.

బయటికొచ్చాక కృపాకర్ ఏమీ అడగలేదు. “ఇంటికెళ్ళి కాస్త పడుకోండమ్మా,” అన్నాడు. ఆయనకు అర్థమైందో, అర్థం చేసుకోకూడదని నిర్ణయించుకున్నాడో ఆమెకు తెలియలేదు. ఆమె ఇంటికి పోలేదు. బూడిదరంగంటే బాంబు వేస్తారని కాదుగదా, అవసరమైతేనే గదా, అక్కడ ఏం అవసరముంటుంది అని తనకు తానే నచ్చచెప్పుకుంటూ అదురుపలక ముందు కూర్చుంది. పాప పరిగెత్తింది, ఆగింది, గెంతింది. బాగానే ఉంది. మర్నాడూ బాగానే ఉంది. మూడోనాడు పలక ఒక్కసారి బల్లమీద నుంచి ఎగిరిపడినంత పని చేసి ఊరుకుంది. ఆమె అరచెయ్యి చాలాసేపు జుమ్మంటూనే ఉంది. ఆ తర్వాత ఆ ఇంటి నుంచి ఏ అదురూ రాలేదు.

ఆ పూట తమ విమానాలు సమ్రా మీద ఎగరలేదని కూటమి ప్రకటించింది. తీరంవాళ్ళు పేల్చిన రాకెట్టు గురితప్పి పడిందంది రాజధాని. కూటమి బాంబేనని తీరంవాళ్ళు ముక్కలు చూపించారు. ఆ ముక్కలు నిరుటి యుద్ధానివని ఇంకో టీవీ అంది. రెడ్డెమ్మ అన్నీ చూసింది. యంత్రం దాచుకున్న అదురును మళ్ళీ మళ్ళీ తిప్పి చూసింది. అదురుకి జెండా ఉండదు. తన మాట వల్ల జరిగిందో, తన మాటతో సంబంధం లేకుండానే జరిగిందో ఎవరిని అడగాలో కూడా తోచలేదు. మేజర్‌ని అడిగింది. “మీరు మనసు పాడుచేసుకోకండి,” అన్నాడాయన. అది అవునో కాదో ఆమెకు ఇప్పటికీ తేలలేదు.

కాల్పులు ఆగినప్పుడు మనదేశం ఓడ ఒకటి వెళ్ళి చిక్కుకున్నవాళ్ళను తీసుకొచ్చింది. కొమరయ్య జగిత్యాల బస్సెక్కేముందు ఓబులేసును పట్టుకుని, “తింటుండు కొడుకా,” అని భోరుమన్నాడట. మాబాషా రాయచోటి పోయాడు. ఓబులేసు మాత్రం అక్క దగ్గరికొచ్చాడు. చిక్కి సగమయ్యాడు. ఫ్లాటంతా కలయజూసి, “ఏందక్కా, ఇంట్లో ఉప్పు గూడా లేదే,” అన్నాడు.

ఆమె ఆ సాయంత్రమే ఉప్పు, పప్పు, మిరపకాయలు, కొత్త రోలు తెచ్చింది. వాడు వచ్చాడన్న సంతోషం గుండె పట్టలేనంత ఉంది. ఆ సంతోషం వెనకే ఇంకేదో కూడా ఉంది. దాని మొహం చూడకుండా పప్పు వండింది.

మర్నాడు తెల్లవారుతుండగా విమానాశ్రయం వైపు పోయే విమానమొకటి వాళ్ళ మేడమీదుగా వెళ్ళింది. ఆ దారిలో రోజూ పోయేదే. ఎన్నేళ్ళ నుంచో వింటున్న మోత గనక రెడ్డెమ్మ చెవి అలవాటుగా పట్టించుకోలేదు. కాఫీ కలుపుతూ నిలబడింది. అప్పుడు అరికాళ్ళ కింద నేల అదిరింది.

పరుగు. ఆగడం. మళ్ళీ పరుగు. రెండు కాళ్ళూ కలిపి ఒక గెంతు.

అరచేత్తో అన్నిసార్లు విన్న అడుగులు. హాల్లోకి వచ్చి చూస్తే ఓబులేసు గోడవార నిలబడి రొప్పుతున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ మనిషి ఇక్కడ ఉన్నట్టు లేడు. విమానం చప్పుడు పూర్తిగా పోయాక మెల్లగా నేలమీద కూలబడ్డాడు.

“ఆపలేకుండాను అక్కా,” అన్నాడు. “మోత వినబడితే కాళ్ళు వాటంతట అవే లేస్తాండాయి.”

ఆమె వాడి పక్కన కూర్చుని తల నిమిరింది. వాడు చిన్నప్పటిలాగే ఆమె కొంగు అంచు చేతిలోకి తీసుకున్నాడు.

“అక్కా, ఒకటి అడుగుతా, నిజం జెప్పు. మా రూముది నాటకం. హనీన్ వాళ్ళది నిజమైన ఇల్లు. నిజమైనదానికి ఎందుకట్లయింది? నేను పరిగెత్తేది విని అది గూడా అట్లనే దూకబట్టినాది గదా. దాని పరుగు నా మాదిరి ఉంటే, దాన్ని గూడా నాటకమనుకున్నారేమో పైవాళ్ళు. ఆ పాపకు ఆ పరుగు నేర్పింది నేనే గదక్కా?”

చెప్పాల్సిన మాట చాలా చిన్నది. కాదురా, ఆ పరుగు దానిదే, నేనే దొంగిలించి నీకిచ్చాను, అసలు ఇల్లేదని అడిగితే తెలియదన్నది కూడా నేనే. అంతే. ఆ మాట చెబితే వాడి మీది బరువు దిగిపోతుంది. ఆ క్షణం నుంచి వాడు ఈ కొంగు పట్టుకోడు. రెడ్డెమ్మ నోరు తెరిచింది. ఊపిరి పీల్చుకుంది. వాడు ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

“తెలీదురా,” అంది.

వాడు తలూపాడు. నమ్మినట్టే ఉన్నాడు. కొంగు వదల్లేదు.

దూరంగా మళ్ళీ మోత మొదలైంది. ఓబులేసు కొంగు వదిలేసి లేచి వాకిలి దగ్గరికి పోయి నిలబడ్డాడు, కాళ్ళు సిద్ధం చేసుకుంటూ. వద్దురా, ఇక్కడ పైనుంచి ఎవరూ వినడం లేదు అని చెప్పబోయింది. కానీ ఆ సంగతి కూడా తనకు రూఢిగా తెలియదని అప్పుడే గుర్తొచ్చింది. పరీక్ష కోసం చల్లిన రవ్వలు ఈ గోడల్లో ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని ఎవరూ ఏరలేదు.

ఆమె వంటింట్లోకి పోయి పొయ్యి వెలిగించింది. కొత్త రోలు ముందు కూర్చుని రోకలిబండ చేతిలోకి తీసుకుంది. హాల్లో తమ్ముడు పరిగెత్తాడు, ఆగాడు. రోట్లో వెయ్యడానికి చేతికందేంతలో ఏమీ లేదు. ఆమె ఒట్టి రోటినే దంచుతూ కూర్చుంది.